వార్డులో కులం లేదా? - నర్సింగ్ పరిశోధనకు కొన్ని ప్రశ్నలు

నర్సు డస్సిపోతే రోగి ప్రాణం మీదికొస్తుంది. ఆసుపత్రి మంచం మీద నాలుగు రోజులు పడుకున్నవాళ్ళెవరికైనా ఈ సంగతి తెలుసు. అయితే తెలిసిన మాటకూ రుజువైన మాటకూ తేడా ఉంది. తెలిసిన మాటను ప్రభుత్వాలు, యాజమాన్యాలు పెడచెవిన పెడతాయి. రుజువైన మాటకు కనీసం ఏదో ఒక జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. గత పాతికేళ్ళుగా నర్సింగ్ పరిశోధన చేసిన పెద్ద పని ఈ రుజువు సంపాదించడమే. దాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ పరిశోధన ఎవరిని నర్సుగా లెక్కించింది? ఎవరిని రోగిగా చూసింది? మన ఆసుపత్రుల దాకా వచ్చేసరికి దేన్ని చూడకుండా దాటిపోయింది? ఇవి అడగాలి. నేను చెప్పదలుచుకున్నది ఒకటే: కులాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఈ దేశంలో నర్సు పని పరిస్థితుల్ని గానీ రోగి క్షేమాన్ని గానీ కొలవలేం. కొలిచామని చెప్పుకునేది సగం కొలత మాత్రమే.

రుజువైనదేమిటి?

2002లో లిండా ఐకెన్, ఆమె సహచరులు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల్ని తీసుకున్నారు. 10,184 మంది నర్సులు చెప్పిన జవాబుల్ని 2,32,342 మంది శస్త్రచికిత్స రోగుల వివరాలతో కలిపి చూశారు. ఒక నర్సు చేతికింద ఇంకొక్క రోగి అదనంగా చేరితే ఆపరేషనయిన ముప్పై రోజుల్లో రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. ఆ ఒక్క రోగి చేరడం వల్లే నర్సు బర్నౌట్‌కి, అంటే ఒళ్ళూ మనసూ రెండూ ఉడిగిపోయే స్థితికి, చేరే అవకాశం 23 శాతం పెరుగుతోందని తేలింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో, 300 ఆసుపత్రుల్లో, 4,22,730 మంది రోగుల మీద చేసిన పరిశీలనలోనూ ఆ 7 శాతమే వచ్చింది. కాలిఫోర్నియా రాష్ట్రం నర్సుకు ఇంతమంది రోగులే ఉండాలని 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేసింది. నర్సుల సంఘాల పోరాటం లేకపోతే ఆ చట్టం లేదు. అంకెలు ఆ పోరాటానికి బలమయ్యాయి.

ఈ అంకెలు మనకూ కావాలి. 1946లో భోర్ కమిటీ బ్రిటిష్ ఇండియాలో 43,000 మంది జనాభాకు ఒక నర్సు ఉందని రాసింది. తర్వాత వచ్చిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒకరు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలంది. మరి ఉన్నదేమిటి? రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టరు నలభై యాభై మందిని చూసుకోవడం మన సర్కారు దవాఖానాల్లో వింత కాదు. ప్రైవేటులో ఇంకో రకం హింస. చదువుకు లక్షలు పోసిన పిల్లలకు నెల గడవని జీతం. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశిస్తే కేంద్రం కమిటీ వేసింది. ఎంత చిన్న ప్రైవేటు ఆసుపత్రి అయినా నర్సుకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. అమలు రాష్ట్రాలకు వదిలేశారు. కేరళ నర్సులు రోడ్డెక్కితే 2018లో అక్కడ కనీస వేతనం ప్రకటించారు. ఇంతవరకూ పరిశోధన, పోరాటం ఒకే దారిలో నడుస్తున్నాయి. పేచీ ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

నర్సు అంటే ఎవరు?

ఆ అధ్యయనాల్లో 'నర్సు' అంటే రిజిస్టరయిన నర్సు. రోగికి ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, తినిపించడం, నడిపించడం ఆమె బాధ్యతలో భాగమని ముందే అనుకుని లెక్క మొదలుపెడతారు. 2006లో బియాట్రిస్ కాలిష్ అనే పరిశోధకురాలు పని ఒత్తిడిలో చేయకుండా మిగిలిపోయే పరిచర్య ఏమిటని నర్సుల్ని అడిగింది. తొమ్మిది రకాలు తేలాయి. నడిపించడం, పక్కకు తిప్పడం, వేళకు తినిపించడం, జాగ్రత్తలు చెప్పడం, ఇంటికి పంపే ఏర్పాటు, ధైర్యం చెప్పడం, ఒంటి శుభ్రం, తాగిన నీళ్ళూ పోసిన మూత్రం లెక్క రాయడం, కనిపెట్టుకుని ఉండడం.

ఇప్పుడు ఈ జాబితా పట్టుకుని మన వార్డులోకి పోదాం. పక్కకు తిప్పేదెవరు? రోగి భార్యో, తల్లో, కూతురో. బెడ్‌పాన్ పెట్టేదీ తీసేదీ ఎవరు? ఆయమ్మ. వాంతయితే కడిగేదెవరు? స్వీపరు. నెత్తురు గుడ్డలు మోసేదెవరు? వార్డుబాయ్, ఆయమ్మ. నర్సమ్మ ఇంజెక్షన్లు, సెలైన్లు, కేస్‌షీట్లు, రిజిస్టర్లు, ఇండెంట్లు చూసుకుంటూ ఉంటుంది. ఆమె పని దొంగ కాదు. నలభై మందికి ఒక్కతే ఉన్నప్పుడు ఇంకేం చేస్తుంది? కానీ ఆమె చేయలేని పని గాలిలో కలిసిపోలేదు. కిందికి జారింది. ఆ పని చేసిన చేతులకు ప్రశ్నావళిలో గడి లేదు. 'రోగిని పక్కకు తిప్పారా?' అని నర్సును అడుగుతారు. తిప్పారని ఆమె టిక్కు పెడుతుంది. తిప్పింది ఎవరో కాగితం అడగదు, ఆమె చెప్పదు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. 2017లో ఐకెన్ బృందమే ఆరు యూరప్ దేశాల మీద ఇంకో అధ్యయనం ప్రకటించింది. ప్రతి 25 మంది రోగులకు ఒక నర్సును తీసేసి సహాయకురాల్ని పెడితే చావు అవకాశం 21 శాతం పెరుగుతుందని చెప్పింది. అక్కడ దాని అర్థం స్పష్టం: డబ్బు మిగుల్చుకోవడానికి నర్సు పోస్టు తీసి చవక శ్రమను పెట్టొద్దు. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి మోసుకొస్తే ఏమవుతుంది? ప్రమాదమంతా ఆయమ్మ దగ్గరే ఉందన్నట్టు తయారవుతుంది. మన ఆయమ్మ నర్సు స్థానంలోకి వచ్చిన మనిషి కాదు. ఆసుపత్రి పుట్టినప్పట్నుంచీ ఆ అడుగు మెట్టు మీదే ఉంది. ఊళ్ళో ఎత్తిపోసే పని, కడిగే పని ఎవరి మెడకు కట్టారో ఆసుపత్రిలోనూ ఎక్కువగా వాళ్ళ ఆడవాళ్ళకే కట్టారు. దశాబ్దాల తరబడి చేస్తున్న పనికి శిక్షణ ఇవ్వలేదు, సర్టిఫికెట్ ఇవ్వలేదు, పైమెట్టు చూపించలేదు. ఇప్పుడు పర్మినెంటు పోస్టు కూడా తీసేసి ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీకి అప్పగించారు. ఏజెన్సీ మారినప్పుడల్లా ఆమె మళ్ళీ కొత్త మనిషే. పి.ఎఫ్. ఎక్కడ పోయిందో ఆమెకే తెలీదు.

లండన్‌లో ఒకటి, ఇక్కడ ఇంకొకటి

నర్సింగ్ పరిశోధనలో ఇప్పటికీ తిరగేసి చదవాల్సింది ఇసబెల్ మెంజీస్ 1960లో ప్రకటించిన అధ్యయనం. లండన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో శిక్షణ పొందుతున్న నర్సులు మధ్యలోనే ఎందుకు వెళ్ళిపోతున్నారన్నది సమస్య. బాధకూ చావుకూ మలమూత్రాలకూ రోజంతా దగ్గరగా ఉండడం మనిషి తట్టుకోలేని పని. అందుకని ఆసుపత్రి తనకు తెలియకుండానే కొన్ని అడ్డుగోడలు కట్టుకుంది. పనిని ముక్కలు చేశారు. ఒక నర్సు ఒక రోగితో మొత్తంగా మెలగకుండా ముప్పై మందికీ ఒకే ముక్క పని చేస్తుంది. రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో చెడిపోయిన అవయవంతోనో పిలుస్తారు. మాటిమాటికీ వార్డు మారుస్తారు. ఈ గోడలు నర్సును కాపాడకపోగా ఆమెకు పనిలో దొరికే తృప్తిని కూడా లాగేసుకున్నాయని మెంజీస్ చూపించింది.

ఇది గొప్ప పరిశీలన. కానీ మన దగ్గర చదివినప్పుడు ఒక మాట కలపాలి. లండన్ ఆసుపత్రి ఆ గోడల్ని కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. మన ఆసుపత్రికి ఆ శ్రమ లేదు. గోడ ముందే ఉంది. రోగి దేహంలోంచి వచ్చే ప్రతిదాన్నీ ఎవరు ముట్టుకోవాలి, ఎవరు ముట్టుకోకూడదు అన్నది ఊరు, వాడ ఎప్పుడో తేల్చేశాయి. కులం పనిని పంచిపెట్టి ఊరుకోదనీ, పనిచేసే మనుషుల్నే విడదీసి ఒకరి కింద ఒకర్ని నిలబెడుతుందనీ అంబేడ్కర్ 1936లోనే విప్పి చెప్పాడు. మన ఆసుపత్రి ఆయన మాటకు నిలువెత్తు సాక్ష్యం. డాక్టరు వేలు చూపిస్తాడు, నర్సు సూది పొడుస్తుంది, ఆయమ్మ పాన్ ఎత్తుతుంది, స్వీపరు దాన్ని పారబోస్తాడు. ప్రతి మెట్టుకూ తన కింద ఇంకో మెట్టుందన్న ఊరట. అందుకే పై మెట్టు మీద కోపం కూడా ఐక్యంగా రాదు.

మన భాషలో 'అంటు' అన్న మాట చూడండి. అంటువ్యాధిలోనూ అదే, అంటరానితనంలోనూ అదే. మైల వేరు, సూక్ష్మజీవి వేరు అని ఆధునిక వైద్యం తేల్చింది. సబ్బూ నీళ్ళతో పోయేది ఒకటి, పుట్టుకతో అంటగట్టి ఏ నీళ్ళతోనూ పోనివ్వనిది ఇంకొకటి. పాఠ్యపుస్తకంలో విడిపోయిన ఈ రెండూ డ్యూటీ చార్టులో మళ్ళీ ఒకటయిపోయాయి. గ్లవుజులు ముందు ఎవరికి అందుతాయి, ఎవరు ఉత్త చేతులతో సంచి ఎత్తుతారు అన్నది చూస్తే చాలు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఆ వ్యర్థాల్ని ముట్టుకునే వాళ్ళందరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని చెప్పాయి. చట్టం చూసిన ఆ చేతుల్ని నర్సింగ్ పరిశోధన 'పని వాతావరణం'లో ఇంకా చేర్చుకోలేదు.

'క్రైస్తవులు' అనే గడి

నర్సు మీద కులం పనిచేయదా? ఆమె మీదా పనిచేసింది. పరాయి మగవాణ్ణి ముట్టుకునే పని, నెత్తురూ చీమూ తుడిచే పని అని అగ్రకులాలు తమ ఆడపిల్లల్ని చాలాకాలం నర్సింగుకు పంపలేదు. పురుడు పోసే మంత్రసానిని పురుడయ్యేదాకా బతిమాలి, బిడ్డ బయటపడగానే గడప బయట నిలబెట్టిన సమాజం మనది. మిషన్ ఆసుపత్రులు తెరిచిన తలుపులోంచి దళిత క్రైస్తవ ఆడపిల్లలు లోపలికి వచ్చారు. 1878లో ఒంగోలు ప్రాంతంలో వేలమంది, ముఖ్యంగా మాదిగలు, బాప్తిస్మం తీసుకున్నారు. 1883లో అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చింది. బోర్డింగు బడి, ఆసుపత్రి, నర్సు శిక్షణ వరుసగా కలిసిన చోట మన అమ్మమ్మలకు తెల్లబట్టల ఉద్యోగం దొరికింది. అది చిన్న విజయం కాదు. వాడలో పుట్టిన మనిషి ఊరి పెద్ద చేతికి సూది వేసింది. ఆమెను 'సిస్టర్' అని పిలవక ఆ పెద్దకు తప్పలేదు.

ఆ చరిత్ర పరిశోధన కాగితాల్లో ఎలా మాయమయిందో చూడండి. మతం మారిన దళితులకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా లేకుండా చేసింది. మన రాష్ట్రాల్లో వాళ్ళు బి.సి.-సి. వాటా ఒక్క శాతం. సర్వేలో మతం గడి ఉంటుంది. అందులో 'క్రైస్తవులు' అని రాస్తారు. కేరళ సిరియన్ క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన నర్సూ, ప్రకాశం జిల్లా మాదిగ పల్లె నుంచి వచ్చిన నర్సూ ఆ ఒక్క గడిలో పక్కపక్కన కూర్చుంటారు. ఇద్దరి అద్దె ఇల్లు, హాస్టలు గది, పోస్టింగు, పెళ్ళి ఒకటేనా? ఆ గడిని చూసి ఎవరైనా చెప్పగలరా?

చరిత్రకారులు కొంత పని చేశారు. మీరా అబ్రహాం 1996లో దక్షిణ భారత నర్సింగ్ చరిత్ర మీద తెచ్చిన పుస్తకం శీర్షికలోనే మతం, కులం, జెండర్ మూడూ ఉన్నాయి. 2013లో మాడిలెయిన్ హీలీ 1907 నుంచి 2007 దాకా నర్సులకూ రాజ్యానికీ ఉన్న సంబంధాన్ని రాసింది. 2019లో పాంచాలి రే కోల్‌కతా ఆసుపత్రుల్లో నర్సులకూ వాళ్ళ కింది పరిచారికలకూ మధ్య మర్యాద పేరుతో గీసే గీతల్ని పరిశీలించింది. వీటిని కలిపి చదివితే ఒక సంగతి బోధపడుతుంది. మా పనికి గౌరవం లేదని నర్సింగ్ నాయకత్వం బాధపడింది, న్యాయంగానే. కానీ దానికి వెతుక్కున్న మందు చాలావరకు డిగ్రీ, యూనిఫాం, ముట్టుకునే పనికి దూరం. ముట్టుకునే పనికే గౌరవం తేవాలనే దారి పట్టలేదు. ఆ పనిని కిందికి తోసి తాము పైకి జరగాలనుకున్నారు. మెట్ల సమాజంలో గౌరవం సంపాదించుకునే పాత పద్ధతి ఇదే.

ప్రశ్నావళిలో లేని ప్రశ్నలు

నర్సు పని వాతావరణం కొలవడానికి ప్రపంచమంతా వాడే కొలబద్ద ఐలీన్ లేక్ 2002లో తయారుచేసింది. అందులో 31 అంశాలు. ఆసుపత్రి వ్యవహారాల్లో నర్సుల భాగం, పరిచర్య నాణ్యత, పై నర్సు సామర్థ్యం, సిబ్బంది చాలినంత ఉన్నారా, డాక్టర్లతో సంబంధాలు. బర్నౌట్ కొలవడానికి 1981 నాటి మాస్లాక్ కొలబద్ద. రెండూ మంచివే. కానీ మన నర్సుల చేతికి ఇచ్చేటప్పుడు ఇంకేం అడగాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఇంటిపేరు అడిగింది ఎవరు? హాస్టల్లో మీతో గది పంచుకోనన్నవాళ్ళున్నారా? టిఫిను డబ్బా ఎవరితో కలిపి విప్పుతారు? కాన్పుల గదికి, కాలిన గాయాల వార్డుకు ఎవర్ని ఎక్కువ వేస్తారు, థియేటరుకు ఎవర్ని? రిజర్వేషన్ సీటని ఎత్తిపొడిచింది ఎవరు? రోగి 'ఆ సిస్టరు వద్దు' అన్నప్పుడు పై అధికారి ఏం చేసింది? ఇవి లేని పని వాతావరణం ఎవరి వాతావరణం?

మన ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌ల సంగతి చెప్పాలంటే ఇంకా విచారం. ఎక్కువభాగం ఒకే మూస. ఫలానా విషయం మీద ఫలానా గ్రామ తల్లుల 'జ్ఞానం' ఎంత? ముందు పరీక్ష, ఒక బోధన కార్యక్రమం, తర్వాత పరీక్ష, జ్ఞానం పెరిగింది, అయిపోయింది. వయసు, మతం, చదువు, ఆదాయం, కుటుంబం రకం అని పట్టిక. చాలా వాటిలో కులం ఉండదు. పేదరాలి అజ్ఞానమే జబ్బుకు కారణమన్నట్టు ఉంటుంది ఈ వరస. ఆ తల్లికి పాలు పట్టడం తెలుసా అని అడుగుతారు. కాన్పుల గదిలో ఆమెను ఏమని తిట్టారో అడగరు. రోజూ వార్డులో నిజం చూసే విద్యార్థినికి ఆ నిజం మీద పరిశోధన చేసే వీలు ఇవ్వకపోవడం కూడా పని పరిస్థితే.

రోగి ఎవరు?

ఇక్కడ మనవాళ్ళను మనమే తప్పించలేం. నర్సు బాధితురాలు మాత్రమే కాదు. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్ని చూసి 2006లో పుస్తకంగా వచ్చిన అంటరానితనం సర్వే, మూడో వంతు ఊళ్ళలో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్ళలోకి రాలేదని చెప్పింది. 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లల మీద చేసిన అధ్యయనం, మందు ఇచ్చేటప్పుడు ముట్టుకోకపోవడం, మాట కరుకుగా ఉండడం దాకా వివక్షను విడివిడిగా పరిశీలించింది. చేయి తగలకుండా పైనుంచి బిళ్ళ వేసే పరిచర్యను 'మందు ఇచ్చారు' అని రిజిస్టరులో రాసుకుంటారు. మరణాల లెక్కలోనూ అది కనిపించదు. 'రోగి సంతృప్తి' సర్వేలో ఆ తల్లి బాగానే చూశారంటుంది. మళ్ళీ అదే ఆసుపత్రికి రావాల్సిన మనిషి ఇంకేం అంటుంది? అలవాటయిన అవమానాన్ని సంతృప్తిగా లెక్కేసుకునే కొలత రోగి క్షేమాన్ని కొలిచినట్టు కాదు. మిగిలిపోయే పరిచర్య జాబితా ఉంది కదా. ఎవరి మంచం దగ్గర మిగిలిపోతోందన్నది కూడా అడిగితే తప్ప ఆ జాబితా మనకు పూర్తి కాదు.

ఐక్యత చెడుతుందా?

కులం ఎత్తితే నర్సుల ఐక్యత చెడుతుందంటారు. సంఘాల్లో పనిచేసే మిత్రులు ఈ మాట నిజాయితీగానే అంటారు. కరోనా కాలాన్ని గుర్తుచేసుకుందాం. 2020 మార్చిలో దేశమంతా చప్పట్లు కొట్టింది. అదే ఏడు జూలైలో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు, నాలుగో తరగతి కార్మికులు పని ఆపి రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. ఏజెన్సీ చేతిలో బతుకు నర్సుకూ ఆయమ్మకూ ఒకటేనని ఆ జూలై చూపించింది. ఐక్యతకు పునాది అక్కడుంది. మెట్లు లేవని కళ్ళు మూసుకుంటే ఆ పునాది మీద ఇల్లు లేవదు. ఇంకో అభ్యంతరం, కులం అడిగితే నర్సులకు ఇబ్బందని. నిజమే. యాజమాన్యం చేతికి పోయే కాగితం మీద అడగకూడదు. సంఘం ద్వారా, పేరు లేకుండా, నమ్మినవాళ్ళ ద్వారా అడగాలి. అడిగే పద్ధతి కష్టమని అడగడమే మానేస్తామా?

కాబట్టి పరిశోధకుల్ని కోరేది ఇది. నర్సు ఒక్కతే కాక ఆయమ్మ, వార్డుబాయ్, స్వీపరు, రోగి పక్కనున్న ఇంటిమనిషి - పరిచర్య చేసే ప్రతి చేతినీ లెక్కలోకి తేవాలి. మతం పక్కన కులం అడగాలి, 'క్రైస్తవులు' అన్నచోట ఆగిపోకూడదు. ఏ వార్డు ఎవరికి పడుతోందో డ్యూటీ రిజిస్టర్లు తిరగేసి చూడాలి. ఏ మంచం దగ్గర పరిచర్య తగ్గుతోందో చూడాలి. ఆయమ్మలకు శిక్షణ, సర్టిఫికెట్, పైమెట్టు ఇచ్చిన చోట రోగులకు పుండ్లు పడడం తగ్గిందా లేదా కొలవాలి. ఈ పనికి విదేశీ కొలబద్ద కోసం ఎదురుచూడక్కర్లేదు. నర్సింగ్ కాలేజీల్లో చదువుతున్న మన పిల్లలకు ఆ ప్రశ్నలు ఇంటి దగ్గర్నుంచే తెలుసు. వాళ్ళ సినాప్సిస్ తిప్పి పంపకుండా సంతకం పెట్టే గైడ్లు కావాలి.